రిలే స్విచ్చుల అమరిక: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన జాగ్రత్తలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు పూర్వపు చిత్తూరు జిల్లాలోని పడమటి మెట్ట భూములు. ఇచ్చట నిత్యము పారెడి పెద్ద నది లేదు. చెరువు నిండని ఏట బోరుబావియే దిక్కు. టమాట తోటయైనను, మల్బరీ తోటయైనను, పాడిపశువుల మేతయైనను మోటారు తిరిగిననే పచ్చగా నుండును. ఊరి త్రాగునీటి ట్యాంకు నిండుటకును మోటారే ఆధారము. కావున ఈ ప్రాంతమున విద్యుత్తు అనగా వెలుతురు మాత్రమే కాదు, నీరు కూడ అదియే.

ఇటీవలి సంవత్సరములలో ఈ గ్రామములకు ఒక క్రొత్త సాధనము వచ్చినది. చేతి ఫోనుతో దూరము నుండి దీపమును, ఫ్యానును, మోటారును నడుపు రిలే స్విచ్చు అది. బెంగుళూరులో ఉద్యోగము చేయు కుమారుడు పండుగకు వచ్చి తల్లిదండ్రుల యింట దీనిని బిగించిపోవుచున్నాడు. రాత్రివేళ పొలమునకు నడువనక్కరలేకుండ రైతు తన స్టార్టరుకు దీనిని తగిలించుకొనుచున్నాడు. పంచాయతీలును వీధి దీపములకు, నీటి మోటార్లకు ఇట్టి ఏర్పాట్లు చేయుచున్నవి. చీకటిలో పాముల భయము తప్పుట, పగటిపూట వీధి దీపములు వృథాగా వెలుగకుండుట, ముసలివారికి శ్రమ తగ్గుట నిజముగా మేలులే. మేము ఈ సాధనమును వలదనుటలేదు. అయితే దీని స్వభావమును తెలిసికొనక బిగించినచో, ఊరిలో లేని మనిషి వేలు ఊరిలో నున్న మనిషి ప్రాణము మీదికి తెచ్చును. ఆ ప్రమాదము ఎట్లు కలుగునో, ఎట్లు నివారింపవలెనో ఈ పాఠమున వివరింతుము.

రిలే అనగా నేమి?

పూర్వము రాజుల వార్తలు అంచె గుర్రముల మీద పోయెడివి. ఒక గుర్రము అలసిన చోట మరియొక గుర్రము సిద్ధముగా నుండి వార్తను ముందుకు గొనిపోయెడిది. రిలే అను ఆంగ్లపదమునకు మూలార్థము ఇట్టి అంచెయే. తంతి వార్తల తొలినాళ్లలో, దూరము పోయి బలహీనమైన విద్యుత్ సంకేతముచేత మరియొక బలమైన విద్యుత్ వలయమును కదలింపవలసి వచ్చెను. 1835 ప్రాంతమున అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ విద్యుదయస్కాంతముతో ఈ పని సాధ్యమని చూపెను.

రిలేలో ఒక చిన్న తీగ చుట్ట యుండును. దానిలో స్వల్పమైన విద్యుత్తు ప్రవహింపగనే అది అయస్కాంతమై ఒక ఇనుపరేకును లాగును. ఆ రేకు రెండు లోహపు బిళ్లలను తాకించును. ఆ బిళ్లల గుండ దీపమునకో మోటారునకో కావలసిన పెద్ద విద్యుత్తు ప్రవహించును. మనకు వినవచ్చు 'టిక్' మను చప్పుడు ఆ బిళ్లలు కలిసిన చప్పుడే.

ఇది మన రైతులకు పూర్తిగా క్రొత్తది కాదు. మోటారు స్టార్టరులో మీట నొక్కగనే లాగుకొను కాయిలు ఈ సూత్రము మీదనే పని చేయును. మోటారు అధిక భారమునకు లోనైనపుడు దానిని ఆపునది ఓవర్‌లోడ్ రిలే. ఇప్పటి స్మార్ట్ రిలేలో క్రొత్త విషయ మొక్కటే: కాయిలును కదలించు ఆజ్ఞ వైఫై ద్వారానో, సిమ్ కార్డు ద్వారానో దూరము నుండి వచ్చును.

గుర్తుంచుకొనవలసిన మూడు విషయములు

మొదటిది: రిలే ఆగినంత మాత్రమున తీగలు నిర్జీవములు కావు. విడిపోయిన బిళ్లల నడుమ ఎడము మిక్కిలి స్వల్పము. కొన్ని సాధనములలో బిళ్లలే ఉండవు. ఎలక్ట్రానిక్ భాగమే ఆ పని చేయును. అట్టి వానిలో ఆపిన తరువాత కూడ కొంచెము విద్యుత్తు కారుచుండును. ఆపిన ఎల్.ఇ.డి. బల్బు రాత్రి మినుకు మినుకుమనుటకు ఇది యొక కారణము. కావున రిలేను నమ్మి తీగను ముట్టరాదు. మెయిన్ స్విచ్చును గాని ఎం.సి.బి.ని గాని ఆపవలెను.

రెండవది: రిలే తనంతట తాను మరల కలియవచ్చును. కరెంటు పోయి వచ్చినపుడు పూర్వస్థితికి వచ్చునట్లు కొన్ని రిలేలు ఏర్పరుపబడియుండును. కొన్నింటికి గడియారపు వేళలు నిర్ణయింపబడియుండును. లేదా ఎక్కడో నున్న మనిషి ఫోనులో నొక్కవచ్చును. అతనికి ఇచ్చట ఎవరున్నారో కనబడదు.

మూడవది: బిళ్లలు అంటుకొనిపోవచ్చును. శక్తికి మించిన విద్యుత్తు ప్రవహించినపుడు బిళ్లల నడుమ నిప్పురవ్వ లేచి లోహము కరగి అతుకుకొనును. అప్పుడు ఫోనులో 'ఆఫ్' అని కనబడినను మోటారు తిరుగుచునే యుండును. ఫోను చెప్పునది తాను ఇచ్చిన ఆజ్ఞను మాత్రమే. జరిగిన పని అది కాకపోవచ్చును.

కొనుటకు ముందు లెక్క

రిలే మీద 10 ఆంపియర్లు, 16 ఆంపియర్లు అని వ్రాసియుండును. ఆ సంఖ్య సాధారణముగా బల్బు, ఇస్త్రీ పెట్టె వంటి వేడిచేయు ఉపకరణములకు చెప్పినది. మోటారులకు అది చెల్లదు.

ఇంటి సరఫరా 230 వోల్టులు. ఉపకరణము మీద వ్రాసిన వాట్లను 230తో భాగించినచో ఆంపియర్లు తెలియును. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెకు సుమారు 4.3 ఆంపియర్లు కావలెను. 2000 వాట్ల నీటి హీటరుకు 8.7, 3000 వాట్ల దానికి 13 ఆంపియర్లు పట్టును. 10 ఆంపియర్ల రిలే మీద 2000 వాట్ల హీటరును గంటల తరబడి నడుపుట అంచున నడచుట వంటిది. దానికి 16 ఆంపియర్లది ఉండవలెను.

మోటారు విషయము వేరు. 1 హెచ్.పి. సింగిల్ ఫేజు మోటారు తిరుగునపుడు సుమారు 6, 7 ఆంపియర్లు తీసికొనును. బయలుదేరు క్షణమున దానికి అయిదారు రెట్లు, అనగా 30 మొదలు 40 ఆంపియర్ల వరకు లాగును. 10 ఆంపియర్ల రిలే చాలునని తలచి దాని గుండ నేరుగా మోటారును నడిపినచో బిళ్లలు అంటుకొనుట ఎంతో దూరములో లేదు. మోటారునకు కంటాక్టరు వేరుగా నుండవలెను. రిలే ఆ కంటాక్టరు కాయిలును మాత్రమే కదలింపవలెను. అంచె గుర్రము మీద మూట వేయరాదు, వార్త మాత్రమే పంపవలెను.

ఎల్.ఇ.డి. దీపముల వాట్లు తక్కువైనను, పలు దీపము లొకేసారి వెలుగునపుడు మొదటి క్షణమున లాగు విద్యుత్తు ఎక్కువ. ఒక వీధి దీపము లన్నింటిని ఒక చిన్న రిలే మీద వేయకుండుటకు కారణ మిదియే.

ఎం.సి.బి., తీగ, స్విచ్చు మున్నగునవి ఐ.ఎస్.ఐ. గుర్తు గలవిగా నుండవలెను. పెట్టె మీద తయారుచేసినవారి పేరు, వోల్టులు, ఆంపియర్లు లేని రిలేను ఎంత చౌకగా వచ్చినను కొనరాదు.

అమరిక క్రమము

ఈ పని లైసెన్సు గల ఎలక్ట్రికల్ కంట్రాక్టరు చేతనే చేయింపవలెను. దీపము, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు వంటి వానిని ఉన్నవి ఉన్నట్లు మార్చుట తప్ప తక్కిన విద్యుత్ పనులు అర్హత గలవారే చేయవలెనను నియమము 1956 నాటి భారత విద్యుత్ నియమములలోనే యుండెను. తరువాత 2010లోను, 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ వెలువరించిన భద్రతా నియమములలోను అది కొనసాగినది. అయినను పని సరిగా జరిగినదో లేదో చూచుటకు ఈ క్రమమును సభ్యులు తెలిసియుండవలెను.

1. మెయిన్ ఆపుట. మెయిన్ స్విచ్చును ఆపి, వీలున్నచో తాళము వేసి, చెవిని పని చేయువాడు తన జేబులో ఉంచుకొనవలెను. 'పని జరుగుచున్నది, వేయరాదు' అను అట్ట వ్రేలాడగట్టవలెను.

2. ఇన్వర్టరును మరువకుండుట. మెయిన్ ఆపినను బ్యాటరీ ఇన్వర్టరు ఇంటి తీగలకు విద్యుత్తు నిచ్చుచునే యుండును. దానిని వేరుగా ఆపవలెను. 2025 జనవరిలో కుప్పము ప్రాంతపు నడుమూరు గ్రామమున ఇంటి కప్పుల మీద సౌర విద్యుత్ పలకల పథకము ప్రారంభమైనది. ఇట్టి పలకలు గల ఇండ్లలో ఆ వైపు స్విచ్చును కూడ ఆపవలెను. ఎండ యున్నంత సేపు పలకల నుండి వచ్చు తీగలు సజీవములే.

3. పరీక్షించుట. టెస్టరు మొదట సజీవమైన చోట వెలుగుచున్నదో లేదో చూడవలెను. తరువాత పని చేయవలసిన తీగలను పరీక్షింపవలెను. మరల సజీవమైన చోట టెస్టరును చూడవలెను. చెడిన టెస్టరు వెలుగలేదని తీగను ముట్టినవాడు మోసపోవును. నియాను టెస్టరు కంటె మీటరు నమ్మదగినది.

4. ఫేజునే కోయుట. రిలే ఫేజు తీగలో నుండవలెను, న్యూట్రలులో ఉండరాదు. న్యూట్రలును కోసినచో దీపము ఆరును గాని హోల్డరు సజీవముగనే యుండును. బల్బు మార్చువానికి అది మృత్యువు.

5. ఎర్తును న్యూట్రలుగా వాడకుండుట. స్మార్ట్ రిలే తాను పని చేయుటకు న్యూట్రలు తీగ కావలెను. పాత యిండ్ల స్విచ్చు బోర్డులలో కొన్నింట అది యుండదు. అప్పుడు కొందరు ప్రక్కనే యున్న ఆకుపచ్చ ఎర్తు తీగను దానికి తగిలింతురు. రిలే పని చేయును, పని బాగున్నదని అందరును తలతురు. కాని ఆ ఎర్తు ఎక్కడనైన తెగిననాడు ఇంటిలోని ఫ్రిజ్జు, గ్రైండరు, ఇనుపపెట్టెల పైభాగములన్నియు సజీవములు కావచ్చును. న్యూట్రలు లేనిచో క్రొత్త తీగ లాగింపవలెను. అది వీలుకానిచో రిలేను మానవలెను.

6. రక్షణలు. దీపముల వలయమునకు 6 ఆంపియర్ల ఎం.సి.బి. చాలును. ఎం.సి.బి. సంఖ్య తీగ శక్తిని గాని, రిలే శక్తిని గాని మించరాదు. దీనికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండవలెను. మనిషి శరీరము గుండ విద్యుత్తు భూమికి పోయినచో అది రెప్పపాటులో సరఫరాను ఆపును. దాని మీది 'టెస్ట్' మీటను నెలకొకసారి నొక్కి చూడవలెను.

7. ఎర్తు గుంట. ఈ ప్రాంతపు నేల అనేక చోట్ల రాతినేల. వేసవిలో తడి యారిపోవును. పొడి రాతినేల విద్యుత్తును భూమిలోనికి సులభముగా పోనీయదు. కావున ఎర్తు గుంటను తగిన లోతున త్రవ్వించి, వేసవిలో నీరు పోయుచు, ఏటేట మీటరుతో పరీక్షింపించవలెను.

8. పెట్టె, తీగలు. దీపములకు 1.5, ప్లగ్గులకు 2.5, పెద్ద హీటరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సామాన్యముగా వాడుదురు. తీగ పోగులు బయటికి రాకుండ స్క్రూ గట్టిగా బిగింపవలెను. వదులైన చోట వేడి పుట్టును, వేడి నుండి నిప్పు పుట్టును. లోతు లేని పెట్టెలో రిలేను క్రుక్కరాదు. ఇనుప పెట్టెలో వైఫై సరిగా అందలేదని మూత తెరచి యుంచుట తప్పు. అట్టి చోట రిలేను వేరు పెట్టెలో ఉంచవలెను.

9. చేతి మీట. ఫోను చెడినను, వైఫై పోయినను పని ఆగకుండ గోడ మీద చేతి స్విచ్చు తప్పక యుండవలెను.

మోటారు స్టార్టరుకు తగిలించునపుడు

మొబైల్ స్టార్టరు పెట్టెను తగిలించునపుడు దాని 'స్టార్ట్' రిలే ఆకుపచ్చ మీటకు ప్రక్కగా, 'స్టాప్' రిలే ఎర్ర మీటకు వరుసలో రావలెను. ఓవర్‌లోడ్ రిలేను, సింగిల్ ఫేజు ప్రివెంటరును దాటించి తీగ వేయరాదు. మాటిమాటికి ఆగుచున్నదని వానిని తొలగించినచో మోటారు కాలును, బోరులో నుండి దానిని పైకి లాగు ఖర్చు రైతు నెత్తిన పడును.

కరెంటు రాగనే తనంతట మోటారు నడుచునట్లు పెట్టుట అన్నింటికంటె అపాయకరము. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటారులన్నియు ఒక్క క్షణమున లేచినచో వోల్టేజి పడిపోవును, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. అది కాలిన దినములలో ఒక్క రైతు పైరు కాదు, ఆ ఆయకట్టు అంతయు ఎండును. నీటి నష్టము వేరుగా నున్నది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ఇచ్చినపుడు, ఆటో స్టార్టర్ల వలన భూగర్భజలము వృథాగా తోడబడునని, వానిని తీసివేయవలెనని అచ్చటి ప్రభుత్వము రైతులను కోరినది. కరెంటు వచ్చిన కొన్ని నిమిషములకు ఒక మోటారు, మరికొన్ని నిమిషములకు మరియొకటి నడుచునట్లు రైతులు తమలో తాము వ్యవధి నిర్ణయించుకొనుట మంచిది.

స్టార్టరు పెట్టె మూత తీయువాడు మొదట మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి చేత పట్టుకొనవలెను. కుమారునికి ఫోను చేసి 'నొక్కవద్దు' అని చెప్పుట రక్షణ కాదు. ఫ్యూజు చేతిలో నుండుటయే రక్షణ.

వీధి దీపములు, త్రాగునీరు, పట్టుపురుగుల గదులు

వీధి దీపముల నియంత్రణ పెట్టె వాన చొరనిదై, తాళము గలదై, పిల్లలకు అందని ఎత్తున, ఎర్తు చేయబడియుండవలెను. గడియారమునకు లోబడిన రిలే దీపములను ఆపినది గదా యని పంచాయతీ పనివాడు స్తంభ మెక్కరాదు. స్తంభము మీద పంపిణీ తీగలు కూడ నుండును. విద్యుత్ సంస్థ సిబ్బంది ఎల్.సి. తీసికొనిన తరువాతనే అక్కడ పని జరుగవలెను.

త్రాగునీటి మోటారునకు ట్యాంకులో ఫ్లోటు స్విచ్చును, బోరులో నీరు తగ్గినపుడు మోటారును ఆపు రక్షణను కలుపవలెను. ఫోనులో చూడకనే ట్యాంకు పొర్లుట, నీరు లేకనే మోటారు తిరుగుట వీనిచేత తప్పును.

పట్టుపురుగుల పెంపకపు గదులలో 24 మొదలు 28 డిగ్రీల వరకు వేడిమిని నిలుపుటకు హీటర్లను రిలేలతో నడుపువారు కలరు. రిలే బిళ్లలు అంటుకొనినచో ఒక్క రాత్రిలో పంట పోవును, తట్టలకు నిప్పంటుకొనుటయు కలదు. అట్టి చోట వేడి మితిమీరినపుడు సరఫరాను కోయు రెండవ సాధనము వేరుగా నుండవలెను. మనిషి లేని గదిలో హీటరును ఫోనుతో వేయరాదు.

పంచాయతీ కర్తవ్యము

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచేత చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో త్రాగునీరు, గ్రామీణ విద్యుదీకరణ, సామూహిక ఆస్తుల నిర్వహణ కలవు. సిరిసిల్ల, అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పము వంటి చోట్ల గ్రామీణ విద్యుత్ సహకార సంఘములు ఏర్పడి పంపిణీని నిర్వహించిన చరిత్రయు తెలుగువారికి కలదు. విద్యుత్తు ఎవరిదో పని యని మనము తప్పించుకొనుటకు వీలులేదు. పంచాయతీ ఈ పనులు చేయవచ్చును.

ఊరి భవనములు, పాఠశాల, అంగన్‌వాడి, పంపు గది, వీధి దీపముల పెట్టెలు వీనిలో ఎక్కడెక్కడ రిలేలున్నవో ఒక పుస్తకమున వ్రాయవలెను. బిగించినవారి లైసెన్సు, తేదీ, రిలే శక్తి, ఆర్.సి.సి.బి. పరీక్ష తేదీ అందులో నుండవలెను. ఏ ఫోను నుండి ఏ మోటారు నడుచునో కూడ వ్రాయవలెను. పనివాడు మారిననాడు పాత ఫోను అధికారమును తొలగించి సంకేతపదమును మార్చవలెను. దుకాణము నుండి వచ్చిన సంకేతపదమునే ఉంచినచో ఊరి నీరు పరుల చేతిలో నున్నట్లే.

టెండరు పిలుచునపుడు తక్కువ ధరను మాత్రమే చూడక, ఎర్తు, ఆర్.సి.సి.బి., కంటాక్టరు, చేతి స్విచ్చు అంచనాలో చేరినవో లేదో సభ్యులు అడుగవలెను. మిగిలిన నాలుగు వందల రూపాయలు ఒక మనిషి ప్రాణమునకు వెల కాదు. వేసవికి ముందొకసారి, వానలకు ముందొకసారి గ్రామ సచివాలయపు ఎనర్జీ అసిస్టెంటు సహాయముతో ఈ పెట్టెలను తనిఖీ చేయింపవలెను.

ప్రమాదము జరిగినచో

విద్యుత్తు తగిలిన వానిని చేతితో పట్టుకొనరాదు. మొదట మెయిన్ ఆపవలెను. అది అందనిచో పొడి కర్రతో తీగను తొలగింపవలెను. ఇది ఇంటి తీగల మాట. పెద్ద లైను తీగ తెగిపడినచో సరఫరా ఆగువరకు దరిచేరరాదు. మనిషికి ఊపిరి ఆడనిచో, తెలిసినవారు వెంటనే రొమ్ము నొక్కుచు శ్వాస కల్పింపవలెను. 108కి, విద్యుత్ సంస్థ వారి 1912కి ఫోను చేయవలెను. ఈ రెండు సంఖ్యలను ప్రతి పంపు గది తలుపు మీద పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన త్రాగునీటి మోటారును ఎవరెవరి ఫోనుల నుండి నడుపవచ్చును? వారిలో ఇప్పుడు పనిలో లేనివారు కలరా?

2. పంపు గదిలో మరమ్మతు చేయువాడు మెయిన్‌కు తాళము వేయుటకు వీలున్నదా? చెవి ఎవరి వద్ద నున్నది?

3. వీధి దీపముల పెట్టెలలో రిలే నేరుగా దీపములను నడుపుచున్నదా, కంటాక్టరు కలదా?

4. పాఠశాల, అంగన్‌వాడి బోర్డులలో ఎర్తు తీగను న్యూట్రలుగా వాడిన చోటు కలదా? పరీక్షించిన దెవరు, ఎప్పుడు?

5. మన ట్రాన్స్‌ఫార్మర్ల క్రింద కరెంటు రాగనే నడుచు మోటార్లు ఎన్ని? వానికి వ్యవధి నిర్ణయించుటకు రైతులను ఏనాడు సమావేశపరతుము?

ఈ ప్రశ్నలకు సమాధానములు పుస్తకములలో దొరకవు. ఊరిలో పంపు గది తలుపు తీసి చూచిననే దొరకును. వచ్చు సమావేశమునకు ముందు ప్రతి సభ్యుడును, ప్రతి సభ్యురాలును ఎలక్ట్రీషియనును వెంటబెట్టుకొని తన వార్డులోని ఒక్కొక్క పెట్టెను చూచి వచ్చినచో, ఈ పాఠము ప్రయోజనము నెరవేరినట్లే.